రొమ్ము క్యాన్సర్‌కి 25 కరెంట్లు రాసేవాళ్లు, ఇప్పుడు 15 ఎందుకు, 5 ఎందుకు?

రేడియేషన్ గది బయట బెంచీల మీద రోజూ వినపడే ప్రశ్న ఒకటి ఉంది: "మీకెన్ని రాశారమ్మా?"

మా పిన్నికి ఆపరేషన్ అయ్యాక, తోడుగా మూడు వారాలు నేనా బెంచీల మీద కూర్చున్నాను. పక్కన ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆమెకి 25 రాశారు. పిన్నికి 15. రెండో వారంలో ఒక టీచరమ్మ వచ్చి తనకి 5 చాలన్నారని చెప్పింది. ఆ రోజంతా అందరికీ టెన్షనే. తన జబ్బు బాగా ముదిరి ఉంటుందని పెద్దావిడ భయం. ఆరోగ్యశ్రీ కార్డు మీద వచ్చాను కాబట్టి ఐదుతో సరిపెట్టేస్తున్నారేమోనని టీచరమ్మ అనుమానం. పిన్ని మధ్యలో ఉంది, ఆమెకి రెండు భయాలూ పట్టుకున్నాయి.

ముగ్గురూ పొరబడింది ఒక్కచోటే. సిట్టింగ్‌లు, అంటే కరెంట్లు, ఎన్నో లెక్కపెట్టారు కానీ ఒక్కో సిట్టింగ్‌లో ఎంత ఇస్తున్నారో ఎవరూ అడగలేదు. ఆ రెండో అంకె తెలియకుండా మొదటి అంకెకి అర్థమే లేదు.

కరెంటు పెట్టడం అంటే అసలు ఏం చేస్తారు

మన దగ్గర రేడియేషన్‌ని 'కరెంటు పెట్టడం' అంటారు. నిజానికి అందులో కరెంటు షాకు లాంటిదేమీ లేదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే మెషిన్ నుంచి బాగా శక్తి ఉన్న ఎక్స్‌రే కిరణాలు వచ్చి, కణాల్లోని డీఎన్‌ఏని తెంపుతాయి. రోగికి నొప్పి తెలియదు. చేతులు తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి, మెషిన్ చుట్టూ తిరుగుతుంది, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

గడ్డని ఆపరేషన్‌లో తీసేశాక మళ్లీ ఇదెందుకు? కంటికి, స్కానింగ్‌కి దొరకని కణాలు చుట్టుపక్కల మిగిలి ఉండొచ్చు కాబట్టి. రొమ్ము ఉంచి గడ్డ వరకే తీసిన 10,801 మంది ఆడవాళ్ల వివరాలు, 17 పరిశోధనల నుంచి ఒకచోట చేర్చి 2011లో ప్రచురించారు. రేడియేషన్ తీసుకోనివాళ్లలో పదేళ్లలో జబ్బు తిరగబెట్టింది 35 శాతం మందికి. తీసుకున్నవాళ్లలో 19 శాతానికి. 15 ఏళ్లకి రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు కూడా 25 శాతం నుంచి 21 శాతానికి తగ్గారు. కాబట్టి చాలామంది విషయంలో రేడియేషన్ అవసరమా అన్నది ప్రశ్న కాదు, ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నదే ప్రశ్న.

రేడియేషన్ మోతాదుని 'గ్రే'ల్లో కొలుస్తారు. చాలా దేశాల్లో దశాబ్దాలపాటు నడిచిన పద్ధతి 50 గ్రేలు: రోజుకి 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు. మొత్తం 25 సిట్టింగ్‌లు. గడ్డ ఉన్న చోట అదనంగా ఇచ్చే 'బూస్ట్' కూడా కలిస్తే ఆరున్నర వారాల దాకా పోయేది.

ఒకేసారి ఇచ్చేయకుండా విడతలుగా ఎందుకు

ఈ విషయం మొదట స్పష్టంగా కనపడింది పొట్టేళ్లలో. 1920ల్లో పారిస్‌లో క్లాడియస్ రెగో అనే శాస్త్రవేత్త పొట్టేళ్ల వృషణాలకి రేడియేషన్ ఇచ్చి చూశారు. ఒకే దెబ్బలో ఇస్తే పైచర్మం బాగా దెబ్బతినకుండా పొట్టేలు గొడ్డుపోవడం సాధ్యం కాలేదు. అదే రేడియేషన్‌ని కొన్ని రోజుల మీద విడతలుగా ఇస్తే చర్మం నిలబడింది, లోపల వేగంగా విభజన చెందే కణాలు మాత్రం చచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న కణజాలం సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య తనని తాను బాగుచేసుకుంటుంది. క్యాన్సర్ కణాలకి ఆ నేర్పు తక్కువ. విడతలుగా ఇవ్వడం వెనక ఉన్న ఆలోచన మొత్తం ఇదే.

25 కిలోల బియ్యం బస్తా ఒకేసారి భుజాన వేసుకుని మేడ ఎక్కడం వేరు, ఐదేసి కిలోలు ఐదుసార్లు మోయడం వేరు. చేరిన బియ్యం ఒకటే అయినా నడుముకి మాత్రం ఆ రెండూ ఒకటి కావు. రేడియేషన్‌లోనూ అంతే. ఒక్క సిట్టింగ్‌లో మోతాదు పెరిగేకొద్దీ దెబ్బ అదే నిష్పత్తిలో పెరగదు, అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. అందుకే సిట్టింగ్‌లు తగ్గించినప్పుడు మొత్తం గ్రేలు కూడా తగ్గించి తీరాలి.

ఇప్పుడు ఆ మూడు కోర్సుల అంకెలు చూడండి. 25 సిట్టింగ్‌లకి 2 గ్రేల చొప్పున 50. 15 సిట్టింగ్‌లకి 2.67 చొప్పున 40. ఐదు సిట్టింగ్‌లకి 5.2 చొప్పున 26. "50 ఇవ్వాల్సినచోట 26 ఇచ్చారు, సగం వైద్యమే చేశారు" అనుకోవడానికి లేదు. ఆ 26 పెద్ద పెద్ద దెబ్బలుగా పడుతున్న 26.

దీని వెనకున్న లెక్క, కాగితం మీద

ఓపిక ఉన్నవాళ్ల కోసం ఈ లెక్క. అక్కర్లేనివాళ్లు తర్వాతి భాగానికి వెళ్లిపోవచ్చు, కథ ఎక్కడా తెగదు.

ఒక్కో కణజాలానికి 'ఆల్ఫా-బీటా నిష్పత్తి' అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చిన్నదైతే ఆ కణజాలం పెద్ద విడతలకి ఎక్కువగా దెబ్బతింటుందని అర్థం. పెద్దదైతే విడత ఎంతన్నది దానికి అంతగా పట్టదు. ఏళ్ల తర్వాత బయటపడే మచ్చలు, గట్టిపడటం లాంటి మార్పులకి ఈ అంకె 3 దగ్గర ఉంటుందని లెక్క. మామూలుగా క్యాన్సర్ గడ్డలకి 10 అనుకునేవాళ్లు.

ఏ కోర్సునైనా 'రోజుకి 2 గ్రేల' భాషలోకి మార్చాలంటే, మొత్తం మోతాదుని (విడత మోతాదు + నిష్పత్తి)తో గుణించి, (2 + నిష్పత్తి)తో భాగించాలి. క్యాన్సర్ నిష్పత్తి నిజంగా 10 అయితే ఐదు సిట్టింగ్‌ల కోర్సు ఇలా తేలుతుంది: 26 × (5.2 + 10) ÷ 12. దాదాపు 33 గ్రేలు. 50తో పోలిస్తే చాలా తక్కువ, జబ్బు తిరగబెట్టడం ఖాయంగా పెరగాలి.

అదే నిష్పత్తి 3 అనుకుంటే: 26 × (5.2 + 3) ÷ 5. అంటే 42.6. పదిహేను సిట్టింగ్‌ల కోర్సు 45.3. తేడా బాగా తగ్గిపోయింది. చాలా రకాల క్యాన్సర్‌లలా కాకుండా రొమ్ము క్యాన్సర్ నిష్పత్తి 10 దగ్గర కాదు, 3, 4 మధ్య ఉంటుందని తర్వాత వచ్చిన పరిశోధనలు చూపించాయి. షార్ట్ కోర్సు సాధ్యమైంది ముఖ్యంగా ఈ కారణం వల్లే.

ఇంకో లెక్క కూడా చేయాలి, ఎందుకంటే ప్రమాదం ఎక్కడుందో అది చూపిస్తుంది. ఎవరైనా 50 గ్రేలనే ఐదు సిట్టింగ్‌ల్లో, రోజుకి 10 చొప్పున ఇచ్చేస్తే? 50 × 13 ÷ 5 = 130. మంచి కణజాలం మీద 130 గ్రేల దెబ్బ.

ఇక 45, 42 అన్న అంకెలు 50 కంటే తక్కువే కదా అని అడగొచ్చు. నిజమే, ఈ సూత్రం ప్రకారం కాస్త తక్కువే. కోర్సు త్వరగా ముగిస్తే మిగిలిన కణాలకి మళ్లీ పెరిగే వ్యవధి దొరకదన్నది ఈ సూత్రంలోకి రాదు. ఆల్ఫా-బీటా అంకె కూడా ఒక అంచనాయే. అందుకే డాక్టర్లు లెక్కని నమ్మి ఊరుకోలేదు. వేలమంది మీద ఏళ్ల తరబడి సరిచూశారు.

తొందరపాటుకి మూల్యం చెల్లించిన ఆడవాళ్లు

అలా సరిచూడాల్సిన అవసరం ఒక చేదు అనుభవం నుంచి వచ్చింది. గత శతాబ్దంలో బ్రిటన్‌తో సహా కొన్నిచోట్ల పెద్ద విడతలతో తక్కువ రోజుల్లో రేడియేషన్ ఇచ్చారు. విడత పెంచినప్పుడు మొత్తం ఎంత తగ్గించాలో అప్పటికి సరిగా అంతుపట్టలేదు. కొందరికి చంక, మెడ దగ్గర చేతికి వెళ్లే నరాల కట్ట దెబ్బతిని, ఏళ్ల తర్వాత చెయ్యి తిమ్మిరెక్కడం, నొప్పి, చివరికి చెయ్యి పడిపోవడం దాకా వచ్చింది. క్యాన్సర్ నుంచి బయటపడ్డామనుకున్న ఆ ఆడవాళ్లు 1990ల్లో 'రేజ్' పేరుతో సంఘం పెట్టుకుని నిలదీశారు.

'తక్కువ రోజులు' అనగానే పాత డాక్టర్లు ఇప్పటికీ కాస్త వెనకాడటం వెనక ఈ చరిత్ర ఉంది. వాళ్ల జంకుని చాదస్తమని తీసిపారేయడం సరికాదు.

మూడు వారాల కోర్సు ఎలా నిలబడింది

కెనడాలో 1,234 మంది మీద 25 సిట్టింగ్‌లనీ, 42.5 గ్రేలతో 16 సిట్టింగ్‌లనీ పోల్చారు. పదేళ్ల ఫలితాలు 2010లో వచ్చాయి. ఆ రొమ్ములోనే జబ్బు తిరగబెట్టింది పాత పద్ధతిలో 6.7 శాతానికి, షార్ట్ కోర్సులో 6.2 శాతానికి. రొమ్ము ఆకారం, చర్మం కూడా రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నాయి.

బ్రిటన్‌లో 'స్టార్ట్-బి' పరిశోధన 2,215 మందిని తీసుకుని 25 సిట్టింగ్‌లని, 40 గ్రేల 15 సిట్టింగ్‌లతో పోల్చింది. పదేళ్లకి అక్కడా చుట్టుపక్కలా తిరగబెట్టింది పాత పద్ధతిలో 5.5 శాతానికి, కొత్తదానిలో 4.3 శాతానికి. రొమ్ము కుంచించుకుపోవడం, చర్మం మీద సన్నటి రక్తనాళాలు తేలడం, వాపు, ఇవన్నీ 15 సిట్టింగ్‌ల వాళ్లలోనే తక్కువ. పైన చేసిన లెక్కలో 40 గ్రేలు 45గా తేలింది గుర్తుందా? దుష్ప్రభావాలు తగ్గడానికి కారణం అదే.

రొమ్ము మొత్తం తీసేసినవాళ్ల సంగతి చైనా పరిశోధన చూసింది. 820 మంది, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లు, ఛాతీ గోడకీ మెడ దగ్గరి లింఫ్ గ్రంథులకీ రేడియేషన్. ఐదేళ్లకి అక్కడా చుట్టుపక్కలా తిరగబెట్టింది మూడు వారాల కోర్సులో 8.3 శాతానికి, ఐదు వారాల కోర్సులో 8.1 శాతానికి. మన దేశంలో మూడు వారాల కోర్సు మరీ కొత్తదేం కాదు, చండీగఢ్ పీజీఐలో దశాబ్దాలుగా వాడుకలో ఉంది.

ఇన్ని ఆధారాలున్నా మార్పు నెమ్మదిగానే వచ్చింది. అమెరికా రేడియేషన్ డాక్టర్ల సంఘం 2011లో ఇచ్చిన సూచనలు 50 ఏళ్లు దాటి, గడ్డ చిన్నదై, కీమో తీసుకోనివాళ్లకే షార్ట్ కోర్సుని పూర్తిగా సమర్థించాయి. 2018కి వచ్చేసరికి ఆ షరతులు ఎత్తేశారు: వయసు, కీమో ఏవైనా సరే, రొమ్ము వరకే రేడియేషన్ అయితే షార్ట్ కోర్సే ఇవ్వండి అన్నారు.

ఒక్క వారం, ఒక్క గ్రే తేడా

అసలు సంచలనం 2020 ఏప్రిల్‌లో వచ్చిన 'ఫాస్ట్-ఫార్వర్డ్' ఫలితాలు. బ్రిటన్‌లో 97 ఆస్పత్రులు, 4,096 మంది. ఒక గుంపుకి 15 సిట్టింగ్‌ల్లో 40 గ్రేలు. రెండో గుంపుకి ఐదు సిట్టింగ్‌ల్లో 27. మూడో గుంపుకి ఐదు సిట్టింగ్‌ల్లో 26.

ఐదేళ్లకి ఆ వైపు రొమ్ములో తిరగబెట్టింది వరసగా 2.1, 1.7, 1.4 శాతం. అంటే వారం కోర్సు ఏమాత్రం తీసిపోలేదు.

దుష్ప్రభావాల పట్టిక చూస్తే ఈ వైద్యం ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. డాక్టర్లు పరీక్షించి, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన మార్పులు ఉన్నాయన్నది 40 గ్రేల వాళ్లలో 9.9 శాతం, 26 వాళ్లలో 11.9, 27 వాళ్లలో 15.4. ఒక్క గ్రే తేడాతో అంత పెరిగింది. అందుకే 27ని పక్కనపెట్టి 26ని నిలబెట్టారు. "ఇంకొంచెం ఎక్కువిస్తే మంచిదే కదా" అనే మన మామూలు ఆలోచన ఇక్కడ పనికిరాదు.

ఆ ఫలితాలు వచ్చింది సరిగ్గా కోవిడ్ మొదలైన రోజుల్లో. ఆస్పత్రికి వచ్చిపోవడమే ప్రమాదంగా మారిన ఆ సమయంలో వారం కోర్సు బ్రిటన్‌లో వేగంగా పాకింది. 2023లో అక్కడ వైద్య సూచనలు ఇచ్చే 'నైస్' సంస్థ, లింఫ్ గ్రంథులకి రేడియేషన్ అక్కర్లేనివాళ్లకి 26 గ్రేల ఐదు సిట్టింగ్‌లనే ఇవ్వాల్సిన పద్ధతిగా చెప్పింది.

మన దగ్గరి డాక్టర్లు ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు

మూడు వారాల కోర్సు మీద పెద్దగా పేచీ లేదు. వారం కోర్సు మీద ఉంది. రెండు వైపుల మాటలోనూ బలం ఉంది.

ఆచితూచి అడుగేయాలనేవాళ్లు మొదట అడిగేది, ఫాస్ట్-ఫార్వర్డ్‌లో ఉన్న ఆడవాళ్లు ఎవరని. చాలామంది 60 ఏళ్ల దగ్గరివాళ్లు, జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లు. రొమ్ము మొత్తం తీసేసినవాళ్లు వందకి ఆరేడుగురే. మన దగ్గర అంతకంటే చిన్న వయసులో జబ్బు పడేవాళ్లు, గడ్డ పెద్దదయ్యాకే ఆస్పత్రికి వచ్చేవాళ్లు, రొమ్ము మొత్తం తీసేయాల్సి వచ్చేవాళ్లు, మెడ దగ్గరి గ్రంథులకి కూడా రేడియేషన్ కావాల్సినవాళ్లు ఎక్కువ. 'రేజ్' ఆడవాళ్ల చేతులు పడిపోయింది ఆ గ్రంథుల పక్కనున్న నరాలు దెబ్బతినే. రొమ్ముని మళ్లీ నిర్మించుకున్నవాళ్ల విషయంలోనూ ఇలాగే వెనకాడతారు. ఎడమ వైపు జబ్బైతే గుండె సంగతి ఉంది. గుండె మీద రేడియేషన్ ప్రభావం పది, ఇరవై ఏళ్లకి కూడా బయటపడొచ్చు, 38 ఏళ్ల అమ్మాయికి ఐదేళ్ల ఫలితం సరిపోదు.

ఇంకో సాంకేతిక కారణం ఉంది, బయట పెద్దగా మాట్లాడుకోరు. కిరణాలు ఎక్కడ ఎంత పడాలో ముందే వేసుకునే ప్లానింగ్ ఎంత బాగా చేసినా రొమ్ములో కొన్నిచోట్ల మోతాదు కాస్త ఎక్కువ పడుతుంది. రొమ్ము పెద్దదైతే ఇంకా ఎక్కువ. 2 గ్రేల విడతలో పది శాతం పెరిగితే 2.2. అదే 5.2 విడతలో 5.7. పెద్ద విడతలో ఆ పది శాతం కొట్టే దెబ్బే వేరు, పైగా తప్పు జరిగితే సర్దుకోవడానికి ఇంకా 20 సిట్టింగ్‌లు మిగిలి ఉండవు. సీటీ ప్లానింగ్ పక్కాగా చేసి, పొజిషన్ రోజూ సరిచూసే ఏర్పాటు లేనిచోట వారం కోర్సు వద్దనడం న్యాయమే.

అవతలివైపు వాళ్లు చెప్పేదీ వినాలి. ఐదు వారాల కోర్సుకీ దుష్ప్రభావాలున్నాయి, అవి స్కానింగ్‌లో కనపడవు అంటారు. ఆదిలాబాద్ జిల్లా నుంచో, శ్రీకాకుళం జిల్లా లోపలి నుంచో ఒకామె రావాలంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఐదు వారాలు గది తీసుకుని ఉండాలి. తోడు ఒకరు పని మానుకోవాలి. కార్డు మీద వైద్యం ఉచితమే అయినా గది, తిండి, ఆటోల ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు. కొందరు మధ్యలో మానేసి వెళ్లిపోతారు, కొందరు ఈ తిరుగుడు పడలేక రొమ్ము మొత్తం తీసేయమంటారు. సగంలో ఆగిపోయిన 25 కంటే పూర్తయిన 5 మేలు కదా అన్నది వాళ్ల వాదన.

నాకైతే ఈ రెండో మాట చాలా బరువైనదిగా కనిపిస్తుంది, ఆ బెంచీల మీద కూర్చున్నాను కాబట్టి. కానీ మెడ దగ్గరి నరాల గురించి చెప్పే జాగ్రత్తని అది కొట్టేయలేదు. మన ఆడవాళ్ల మీదే పరిశోధన కావాలని కోల్‌కతాలోని టాటా మెడికల్ సెంటర్ 'హైపోర్ట్' పేరుతో వారం కోర్సునీ మూడు వారాల కోర్సునీ పోలుస్తోంది.

మెషిన్ల దగ్గర క్యూ, డబ్బు సంగతి

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది. రేడియేషన్ మెషిన్లు పది లక్షల జనాభాకి ఒకటి చొప్పున కూడా లేవు.

ఒక మెషిన్ రోజుకి 8 గంటలు నడుస్తుందనీ, ఒక్కో సిట్టింగ్‌కి 15 నిమిషాలు పడుతుందనీ అనుకుందాం. రోజుకి 32, వారానికి 160 సిట్టింగ్‌లు. అందరికీ 25 రాస్తే వారానికి ఆరుగురికి కోర్సు పూర్తవుతుంది. 15 రాస్తే పదిమందికి. ఐదు రాస్తే 32 మందికి. వారం కోర్సులో ఒక్కో సిట్టింగ్‌కి ఇంకాస్త ఎక్కువ సమయం పట్టొచ్చు, ప్లానింగ్ పని కూడా తగ్గదు. అయినా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ ఆస్పత్రికి ఈ తేడా ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

టీచరమ్మ అనుమానం ఇక్కడే పుట్టింది: రద్దీ తగ్గించుకోవడానికి నాకు తక్కువ రాశారా అని. రద్దీ తగ్గుతుందన్నది నిజం. కానీ 26 గ్రేల కోర్సు పుట్టింది రద్దీ వల్ల కాదు, పైన చెప్పిన పరిశోధనల వల్ల. డబ్బు అవతలివైపు కూడా లాగుతుంది. సిట్టింగ్ లెక్కన బిల్లు వేసే చోట ఎక్కువ సిట్టింగ్‌లంటే ఎక్కువ రాబడి. అమెరికాలో షార్ట్ కోర్సుకి పూర్తిగా తగినవాళ్లలో కూడా 2008లో 10.6 శాతానికే అది ఇచ్చారు, 2013 నాటికి 34.5 శాతానికి. కెనడాలో అప్పటికే అది మామూలు వైద్యం. ఈ తేడాకి బిల్లింగ్ పద్ధతి ఒక కారణమని అక్కడివాళ్లే రాశారు.

ఆ ముగ్గురి కాగితాలు

మూడో వారంలో ఒకరోజు మెషిన్ ఆగిపోయి చాలాసేపు ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు ముగ్గురి ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాం. పిన్ని కాగితం మీద 40/15. టీచరమ్మది 26/5, చిన్న గడ్డ, గ్రంథుల్లో ఏమీ లేదు. పెద్దావిడది 50/25, కింద మెడ దగ్గరి గ్రంథుల పేరు. అటుగా వచ్చిన జూనియర్ డాక్టర్‌ని పెద్దావిడే అడిగింది, "నాకే ఎందుకు బాబూ ఇన్ని?" అని. "చేతి నరాలు పక్కనే ఉన్నాయమ్మా, అందుకని మీకు కొంచెం కొంచెంగా ఇస్తున్నాం" అన్నాడతను. మూడు వారాల్లో కూడా ఇచ్చే వీలుందా అన్నది ఆమె అడగలేదు, నాకూ అప్పటికి తెలియదు. ఇప్పుడైతే అడిగేదాన్ని.

టీచరమ్మకి ఐదో రోజు కూడా చర్మం మామూలుగానే ఉంది. "ఏమీ కాలేదు, అసలు పనిచేసిందో లేదో" అంటూనే బస్సెక్కింది. పది రోజుల తర్వాత పిన్నికి ఫోన్ చేసింది, ఆ వైపంతా ఎర్రబడి మంటగా ఉందని. కోర్సు ఎంత చిన్నదైనా చర్మం తన టైం ప్రకారమే స్పందిస్తుంది. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి ఎరుపు పైకి తేలుతుంది, వారం కోర్సులో అప్పటికి మనిషి ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. పిన్నికీ అదే వారంలో ఎర్రబడింది.